తుమ్మ తుపాకి

దూది ఉండను ఆముదంలో ముంచి, పిండి, తుపాకి మడమ మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దుతున్నాడు త్రికోటేశ్వరరావు. మడమ దగ్గర మొదలుపెట్టిన చెయ్యి గొట్టం చివరిదాకా ఎత్తకుండా పోవాలి. మధ్యలో ఎత్తితే అక్కడ మరక నిలిచిపోతుంది. గోడవారగా వరసలో ఉన్న మిగతా రైఫిళ్ళకు సర్కారు డబ్బాలో వచ్చే గన్ ఆయిల్ పెడతాడు. దీనికి మాత్రం ఇంటినుంచి సీసాలో తెచ్చుకున్న ఆముదమే. ఎందుకంటే ఇది ఇనుముది కాదు. గొట్టంతో సహా మొత్తం నల్లతుమ్మ చెక్క. పేలదు. పుట్టి బుద్ధెరిగి ఏనాడూ పేలలేదు. అయినా ఆయన దాని గొట్టానికి ఎదురుగా నడవడు. పక్కనుంచి చుట్టి వెళతాడు.

పేరు పొడుగే గాని మనిషి పొట్టి. నడుముకు బెల్టు చాలినంత బిగియదని మేకుతో అదనంగా రెండు చిల్లులు పొడుచుకున్నాడు. మీసం తెల్లబడింది గాని, బీడీ పుణ్యమా అని ఒక పక్క ఇంకా పసుపుపచ్చగానే ఉంది. అరచేతి గీతల్లో ఇంకిన నూనె నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు. చిలక జోస్యం చెప్పేవాడు ఒకసారి ఆ చెయ్యి చూసి, గీతలు ఇంత స్పష్టంగా ఎవరికీ ఉండవని తెగ సంబరపడిపోయాడు.

కోటప్పకొండ స్వామి పేరు పెట్టుకున్నవాళ్ళు నరసరావుపేటలో వీధికిద్దరు తగులుతారు కనుక, ఎన్.సి.సి. ఆఫీసులో అందరూ ఆయన్ని కోటయ్య అనే పిలుస్తారు. ఉద్యోగం లస్కరు. లస్కరంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పడం కష్టం. గుడారాలు ఎండబెట్టేవాడు, బెల్టు బిళ్ళలకు బ్రాసో పెట్టేవాడు, పరేడ్ మైదానంలో సున్నపు గీతలు గీసేవాడు, కోత్ అనే ఈ ఆయుధాల గది తలుపు తీసేవాడు, వేసేవాడు. కోటయ్యనే అడిగితే మాత్రం ఇలా చెప్పేవాడు: "కర్నల్ లేకపోయినా బెటాలియన్ నడుస్తదయ్యా. లస్కరు లేకపోతే బూట్లు రావు. బూట్లు లేకపోతే ఇంక నడిచేదేంది?"

ఆ లస్కరు ఉద్యోగానికి ఈ రోజే ఆఖరు. సాయంత్రం శాలువా కప్పుతారు. దానికి కోటయ్యకు బాధేమీ లేదు. మోకాళ్ళు ఎప్పుడో రిటైరయ్యాయి, మనిషే ఆలస్యంగా అవుతున్నాడు. బాధల్లా ఈ తుపాకి గురించే.

రెండు నెలల కిందట కొత్తగా వచ్చిన కర్నల్ గారు నిన్న కోత్ చూశారు. ఆ సమయానికి కోటయ్య పింఛను పని మీద ట్రెజరీలో ఉన్నాడు. వరస చివర ఉన్న చెక్క తుపాకిని చూసి కర్నల్ ఇదేమిటని అడిగారు. హెడ్ క్లర్కు అమర్నాథ్ నీళ్ళు నమిలాడు. అది ఏ రిజిస్టరులోనూ లేని వస్తువు. లేని వస్తువు ఆయుధాల గదిలో ఉండకూడదన్నారు కర్నల్. రేపు సాయంత్రానికల్లా తీసెయ్యమన్నారు. ఆయన తప్పేమీ లేదు. రూలు అలాగే ఉంది.

అమర్నాథ్ మంచివాడు. సగం నొచ్చుకుంటూ, సగం మేలు చేస్తున్నట్టుగా చెప్పాడు.

"పొయ్యిలో పెట్టకుండా నేను ఆపాన్లే కోటయ్య గారూ. గుర్తుగా మీరే ఇంటికి పట్టుకుపోండి. ఎవరూ ఏమీ అనరు."

ఇంట్లో ఆ సంగతి చెబితే భార్య యశోదమ్మ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పలేదు.

"తేరాదూ, కోళ్ళను తోలడానికి పనికొస్తది."

"అది కట్టె కాదే, తుపాకి."

"పేలుద్దా?"

"పేలదు."

"మరి కట్టె కాక ఏంది?"

ముప్పై ఏళ్ళకు పైబడి సిపాయిల మధ్య తిరిగిన కోటయ్య ఈ ప్రశ్నను పక్క మీదికి తీసుకుపోయాడు. రాత్రంతా ఆలోచిస్తే తెల్లారేసరికి జవాబు ఒకటి తట్టింది. ఇక్కడ ఈ వరసలో ఉన్నంతకాలం అది తుపాకి. ఇంటికి తీసుకుపోతే కట్టె. అంతే తేడా. యశోదమ్మ చెప్పిందే నిజమవుతుంది. అందుకే అది ఇంటికి రాకూడదు.

తుపాకిని వరసలో నిలబెట్టి, కోటయ్య బూట్ల గదికి వెళ్ళాడు.

ఆ తుపాకి కథ చెప్పాలంటే ఈ యూనిట్ కథే చెప్పాలి. హిట్లరు యుద్ధం రోజుల్లో తెల్లదొరలు కాలేజీ కుర్రాళ్ళ చేత చేయించిన కవాతుతో ఇదంతా మొదలైందని పెద్దవాళ్ళు అనేవారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ కవాతే ఎన్.సి.సి. అయింది. చైనాతో యుద్ధం వచ్చాక కాలేజీలో చేరిన ప్రతి కుర్రాడూ ఖాకీ వెయ్యాల్సిందేనన్నారు. కుర్రాళ్ళొచ్చారు, ఖాకీలొచ్చాయి, రైఫిళ్ళు మాత్రం రాలేదు. ఉన్నవన్నీ సరిహద్దుకు పోయాయి. అప్పుడు రొంపిచెర్ల వడ్రంగి ఒకాయన తుమ్మ దుంగలు కోసి, బండెడు తుపాకులు చెక్కి ఇచ్చాడు. అచ్చం అసలు వాటిలాగే ఉన్నాయి గాని బరువు చాలలేదు. బరువు కోసం మడమలు తొలిచి ఎద్దుబండి ఇరుసు ముక్కలు దిగ్గొట్టాడు.

చెక్క తుపాకికి బోల్టు, అంటే వెనక్కి లాగే ఇనుప పిడి, ఉండదు. తనిఖీ వేళ బోల్టు లాగమని ఆజ్ఞ ఇస్తే కుర్రాళ్ళేం చెయ్యాలి? ఆనాటి సుబేదారు ఆలోచించి, నోటితో లాగమన్నాడు. నాలుకను అంగిలికి కొట్టి టక్కుమనిపించాలి. పల్నాటిలో ఎద్దుల్ని అదిలించేదీ ఆ చప్పుడుతోనే. మైదానంలో అంతమంది కుర్రాళ్ళు ఒక్కసారి టక్కుమనేసరికి, పక్క రోడ్డున పోయే పత్తి బండ్ల ఎద్దులు తమనే తోలుతున్నారనుకుని లగెత్తేవి. అలా లగెత్తిన ఒక బండి వినుకొండదాకా ఆగలేదని కోటయ్య చెబుతాడు. మాచర్ల నుంచి వచ్చిన పిల్లలుంటే అదే బండి మాచర్లలో ఆగుతుంది.

అసలు రైఫిళ్ళు వచ్చాక చెక్కవన్నీ వంట పొయ్యిలోకి పోయాయి. ఈ ఒక్కటి మిగిలింది, మస్తాన్‌రావు వల్ల. ఆయన కోటయ్యకు ముందు ఇక్కడ లస్కరు. డెబ్బై ఒకటి యుద్ధంలో సాగర్ కుడి కాలువ మీద కాపలాకని ఈ యూనిట్ కుర్రాళ్ళను పంపారు. ఉన్న రైఫిళ్ళు కుర్రాళ్ళకే సరిపోయాయి. లస్కరుకు తుపాకి ఎవరిస్తారు? మస్తాన్‌రావు ఈ తుమ్మదాన్నే భుజాన వేసుకుని వాళ్ళతో వెళ్ళాడు. యుద్ధం అయ్యేదాకా కాలువ గట్టు మీద నిలబడి వచ్చాడు.

ఈ యూనిట్ చేసిన యుద్ధమంతా అంతే. గట్టు మీదికి శత్రువన్నవాడు రాలేదు.

రాలేదన్న సంగతి కోటయ్యకు ఎప్పుడూ నచ్చలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మస్తాన్‌రావును ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. అక్కడ ఏం జరిగింది మామా అంటే, ఆయన బీడీ ఆర్పి, ప్రతిసారీ అవే రెండు ముక్కలు చెప్పి లేచిపోయేవాడు. ఆ రెండు ముక్కలూ కథకు పనికిరానివి. అందుకని ఆయన పోయాక మిగతాది కోటయ్యే కట్టాడు. తెల్లవారుజామున మంచులోంచి పారాచూట్ గొడుగేసుకుని ఆకాశంనుంచి ఒకడు దిగడం, మస్తాన్‌రావు తుమ్మ తుపాకి గురిపెట్టి నోటితో టక్కుమనడం, వాడు తుపాకి పారేసి చేతులెత్తడం, ఆ గొడుగు గుడ్డతో వెల్దుర్తిలో పెళ్ళి పందిరి వెయ్యడం - అన్నీ.

బూట్ల గది ముందు అమూల్య అప్పటికే కూర్చుని ఉంది. వెల్దుర్తి అవతల పత్తి రైతు కూతురు. ఈ ఏడే చేరింది. పరేడ్ వరసలో అందరికన్నా చివర, అందరికన్నా పొట్టి. ఆ కొలతకు బూట్లు తయారుచెయ్యాలని ఏ కంపెనీకీ ఇంకా తోచలేదు. కోటయ్య సంచిలోంచి దూది తీసి, కుడి బూటు ముక్కులోకి వేలితో కూరాడు. పత్తి లారీలు పోయే దారిలో కంపచెట్లకు చిక్కుకున్న దూది అది. రోజూ సైకిల్ ఆపి ఏరుకొస్తాడు. చదువులకని పేటకొచ్చిన ఆడపిల్లలు ఖాకీ వేసుకోవడం మొదలుపెట్టిన నాటినుంచి ఆయనకు ఇదొక పని.

"ఎంత పెట్టావు తాతా?"

"బస్తా. లేచి నడువు."

అమూల్య లేచి నాలుగడుగులు వేసింది. మడమ జారలేదు.

"నిన్న ముగ్గురు దిగారన్నావు. మొన్న మా సీనియర్‌కు ఇద్దరే అని చెప్పావంట."

"మూడోవాడు ఆలస్యంగా దిగాడమ్మా. పైన గాలి ఎక్కువుంది."

"నాలుగోవాడు?"

"వాడు గాలికి కృష్ణ అవతల పడ్డాడు. వాణ్ణి తెలంగాణ వాళ్ళు పట్టుకున్నారు. మనకు సంబంధం లేదు."

ఆమె నవ్వుతూ రెండో బూటు అందించింది. చేరిన నాటినుంచి అడ్డంగా ప్రశ్నలేసిన పిల్ల ఈమె ఒక్కతే. అందుకే కోటయ్యకు ఈమె బూట్లలో దూది కాస్త ఎక్కువ పడుతుంది.

కొత్త పిల్లలు నేర్చుకున్న రైఫిల్ డ్రిల్లుకు ఆ రోజు మొదటి తనిఖీ. కర్నల్ గారు చూడటానికి వస్తున్నారు. శిక్షణ ఇచ్చే హవల్దారు ముజాహిద్ మాచర్ల వాడు. కాశ్మీరులో ఉండి వచ్చినా పల్నాటి యాస మరవలేదు. కోత్ గుమ్మం దగ్గర నిలబడి రైఫిళ్ళు అందించుకుంటూ వెళ్ళి, చివర ఆగాడు.

"కోటన్నా, ఒకటి తక్కువొచ్చింది."

"ఒకదానికి బోల్టు ఇరుక్కుపోయింది. లాగినా రావట్లే. పక్కన పెట్టినా."

"నిన్న బాగానే ఉందే."

"నిన్న నేనూ ఉద్యోగంలో బాగానే ఉన్నా."

ఆ బోల్టు ఎందుకు ఇరుక్కుందో కోటప్పకొండ మీది స్వామికి తెలియాలి, ఆయన పేరు పెట్టుకున్నవాడికి తెలియాలి. ముజాహిద్ ఒకసారి కోటయ్య మొహంలోకి చూశాడు. ఒకసారి వరస చివరికి చూశాడు.

"కర్నల్ సాబ్ చూస్తే నన్ను వేయించుకు తింటాడు."

"పొట్టిపిల్ల చేతికియ్యి. చివర నిలబడుద్ది. అంతదూరం ఎవరు చూస్తారు?"

"ఏందన్నా ఇది, ఆఖరి రోజున?"

"ఆఖరి రోజనే."

ముజాహిద్ వరస చివరికి నడిచాడు. తుమ్మ తుపాకి అమూల్య చేతికి వెళ్ళింది. అది అందుకోగానే ఆమె చెయ్యి కొంచెం కిందికి దిగింది. ఇరుసు ముక్క బరువు. ఆముదం ఇంకా ఆరలేదు.

కోటయ్య మైదానం అంచున, తాను పొద్దున్నే గీసిన సున్నపు గీత బయట నిలబడ్డాడు. తనకేం కావాలో ఆయనకే సరిగా తెలియదు. కర్నల్‌తో వాదించాలని లేదు. ఆ వయసూ కాదు, ఆ హోదా కాదు. పోయేలోపు అది ఒక్కసారి పరేడ్ వరసలో నిలబడాలి, అంతే. ఆ తర్వాత మోసుకుపోవాల్సి వస్తే మోసుకుపోతాడు. యశోదమ్మ కోళ్ళు వినేటట్లయితే వాటికీ కథలు చెబుతాడు.

కర్నల్ గారు వచ్చారు. సన్నగా పొడుగ్గా ఉంటారు. ఎడమ చేతికి రెండు వేళ్ళు సగమే ఉంటాయి. ఎలా పోయాయో ఆయన ఎవరికీ చెప్పలేదు. కోటయ్య మాత్రం ఆ వేళ్ళ గురించి అప్పటికే రెండు మూడు సంగతులు పిల్లలకు చెప్పి ఉన్నాడు. ఆయన వరస మొదటినుంచి ఒక్కొక్కరినీ చూస్తూ చివరిదాకా నడిచారు. అమూల్య ముందు ఆగారో లేదో కూడా తెలియలేదు. అన్నేళ్ళుగా నూనె తాగిన తుమ్మ ఇనుముకన్నా నల్లగా ఉంటుంది. వెనక్కి తిరిగి ముజాహిద్‌కు తల ఊపారు.

"నిరీక్షణ్ కే లియే బాయే శస్త్ర్!" అని ముజాహిద్ తనిఖీ ఆజ్ఞ అరిచాడు.

రైఫిళ్ళు గుండెల మీదికి ఏటవాలుగా లేచాయి. బోల్టులు లాగిన చప్పుడు వరస పొడవునా ఒకటే ఇనుప గలగల. అది ఆగాక, ఒక్క క్షణం ఆలస్యంగా, గట్టిగా, తడిగా -

టక్.

మైదానం అవతల రోడ్డు మీద ఎద్దులు లేవు కనుక సరిపోయింది. ఒక ఆటో మాత్రం ఎందుకో వేగం పెంచుకుని పోయింది.

కర్నల్ ఆగారు. వెనక్కి నడిచి అమూల్య ముందుకు వచ్చారు. తుపాకిని చూశారు. ఆమె నోటిని చూశారు. ఆమె సావధానంగా, రెప్ప వెయ్యకుండా ఎదురుగా చూస్తోంది.

ఆ చప్పుడేమిటని అడిగారు హిందీలో.

"బోల్టు, సర్."

అలా ఎవరు నేర్పారని అడిగారు. ఆమె కళ్ళు గీత వైపు పోయి వచ్చాయి. కాలేజీ హిందీలో మొదలుపెట్టింది. ఈ తుపాకి సాగర్ యుద్ధంలో పనిచేసిందని, మంచులోంచి ముగ్గురు దిగారని చెప్పింది. వాళ్ళ గొడుగుల రంగు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు హిందీ అయిపోయింది. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమర్నాథ్ వెనకనుంచి గబగబా వచ్చాడు.

"సార్, అది మా లస్కరు చెప్పే కథ. పిల్లల్ని నవ్వించడానికి. ఈయన అన్నీ ఇట్లాగే..."

కర్నల్ చెయ్యెత్తి ఆపి, కోటయ్యను పిలిచారు.

ఉద్యోగంలో ఎప్పుడూ గీత లోపలికి పరేడ్ వేళ అడుగుపెట్టనివాడు కోటయ్య. చెప్పులు గీత బయట విడిచి వచ్చాడు. ఎందుకు విడిచాడంటే చెప్పలేడు.

ఇది నిజంగా యుద్ధానికి వెళ్ళిందా అని కర్నల్ అడిగారు. ముజాహిద్ ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాడు.

"పోయింది సార్," అన్నాడు కోటయ్య.

దీన్ని మోసింది ఎవరు?

"మస్తాన్‌రావని, నాకు ముందు లస్కరు."

అక్కడ ఏం జరిగింది?

వరసలో పిల్లలందరూ చెవులు రిక్కించారు. కోటయ్య నోరు తెరిచాడు. గొడుగులు నాలిక చివరిదాకా వచ్చాయి. ముగ్గురేం ఖర్మ, కర్నల్ స్థాయికి ఆరుగురు ఉండాలి. కాని ఎదురుగా ఆ సగం వేళ్ళు. ఎన్నేళ్ళనుంచో కథకు పనికిరావని పక్కన పడేసిన ఆ రెండు ముక్కలు తప్ప ఇంకేమీ నోట్లోంచి రాలేదు.

"చలి అన్నాడు సార్. చానా చలి అన్నాడు."

"ఔర్?" ఇంకేమిటన్నారు కర్నల్.

"అంతే సార్. ఎప్పుడడిగినా అంతే చెప్పాడు."

పిల్లల మొహాలు చిన్నబోయాయి. అమర్నాథ్ నేల చూశాడు. ముజాహిద్‌కు దాన్ని హిందీలో చెప్పడానికి కాసేపు పట్టింది. చెప్పాల్సింది అంత తక్కువ కనుక.

కర్నల్ అమూల్య చేతిలోంచి తుపాకి తీసుకున్నారు. బరువుకు ఆయన చెయ్యి కూడా కొంచెం దిగింది. సగం వేళ్ళ చేత్తో మడమ నిమిరారు. ఆనాటి కుర్రాళ్ళ భుజాలు, ఆ తర్వాత మస్తాన్‌రావు భుజం అరగదీసిన గుంట ఉంది అక్కడ. కర్నల్ ఏ మంచుకొండ మీద నిలబడి వచ్చారో, అక్కడ ఎంత చలో, ఆయనకే తెలుసు. ముజాహిద్‌కు కొంచెం తెలుసు. గోరువెచ్చని పల్నాటి పొద్దులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

తర్వాత తుపాకిని అమూల్యకు తిరిగి ఇచ్చి, అమర్నాథ్‌తో రెండు మాటలన్నారు. ఇది ట్రైనింగ్ సామాను, అలాగే రిజిస్టరులో ఎక్కించండి. దీన్ని సరిగా పట్టుకోవడం రానివాళ్ళ చేతికి అసలుది ఇవ్వొద్దు.

"మరి ఎక్కడ పెట్టమంటారు సార్, దీన్ని?"

"జహా థా, వహీ."

ఉన్నచోటే ఉండనివ్వమని. పోతూ పోతూ మళ్ళీ తిరిగి అమూల్యను చూశారు. బోల్టు ఆలస్యంగా లాగావు, రేపటినుంచి అందరితోపాటు రావాలన్నారు. నవ్వలేదని అమర్నాథ్ అన్నాడు. నవ్వారని ముజాహిద్ అన్నాడు. కోటయ్యకు ఆ క్షణంలో కళ్ళు సరిగా కనబడలేదు కనుక సాక్ష్యానికి పనికిరాడు.

పరేడ్ తర్వాత పూరీలు పంచేటప్పుడు అమూల్య ఆకు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, గొడుగులన్నీ అబద్ధమేనా?"

"ఏంది నువ్వు? కర్నల్‌కు హిందీలో చెప్పాలంటే గొడుగులు రావని వదిలేశా."

ఆమె పూరీ తుంచింది.

"చలి కథే బాగుంది," అంది.

సాయంత్రం మీటింగు చిన్నదే. శాలువా కప్పారు, దండ వేశారు, మిక్చరు పొట్లాలు పంచారు. అమర్నాథ్ నాలుగు మాటలు మాట్లాడబోయి రెండింటికే కూర్చున్నాడు. కోటయ్యను మాట్లాడమంటే, బూట్ల గదిలో దూది సంచి ఎక్కడుందో చెప్పి, కంపచెట్ల దారి చెప్పి, అంతటితో ఆపాడు. ఆయన జీవితంలో అంత పొట్టి ఉపన్యాసం అదే. ఇరుక్కుపోయిన బోల్టు మధ్యాహ్నానికి తనంతట తనే సరయిపోయింది.

అందరూ వెళ్ళాక ఆఖరిసారి కోత్ తీశాడు. వరస చివరి దాకా నడిచాడు, ఎప్పటిలాగే గొట్టానికి ఎదురురాకుండా చుట్టి. ఆముదంలో ముంచిన దూది చేతిలో ఉంది. పొద్దుటి నూనె ఆరకముందే పరేడ్‌కు పోయింది కనుక మడమ దగ్గర చిన్న చెయ్యి అచ్చుపడింది, ఐదు వేళ్ళూ స్పష్టంగా. దాని మీద అడ్డంగా సగం వేళ్ళ గుర్తు. మరక ఉంచకూడదన్నది మస్తాన్‌రావు నేర్పిన పద్ధతి. కోటయ్య దూదిని అచ్చు దాకా తీసుకెళ్ళి, కాసేపు అలాగే పట్టుకుని, వెనక్కి తీసుకున్నాడు.

తాళాలు ముజాహిద్‌కు ఇచ్చి, దండను సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని ఇంటికి బయల్దేరాడు. గేటు దగ్గర సెంట్రీ సెల్యూట్ కొట్టాడు. లస్కర్లకు సెల్యూట్ లేదని చెప్పబోయి, పెడలు తొక్కాడు.

యశోదమ్మ వాకిట్లో కోళ్ళను గంప కిందికి తోలుతోంది.

"కట్టె ఏది?"

"డ్యూటీలో ఉంది."

కోత్‌లో, ఇనుప రైఫిళ్ళ వరస చివర, తుమ్మ తుపాకి గోడకు ఆని నిలబడి ఉంది. దాని మడమ మీద చిన్న చెయ్యీ, సగం వేళ్ళూ, పక్కనే అంటుకున్న ఒక దూది పోగూ, ఇంకా ఆరని ఆముదం.